కృష్ణా డెల్టా తీరంలో సముద్ర స్నానం - ఎదురయ్యే జీవులు

మంగినపూడి, హంసలదీవి, సూర్యలంక కృష్ణా డెల్టా అంచున బంగాళాఖాతంపై ఉన్న ప్రసిద్ధ స్నాన తీరాలు. విజయవాడ, గుంటూరు, మచిలీపట్నం పరిసరాల ప్రజలు సెలవు దినాలలోను, కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి పర్వదినాలలోను ఇక్కడికి వస్తుంటారు. నీటిలోను, ఒడ్డునను వీరికి ఎదురయ్యే జీవులలో ముఖ్యమైనవి జెల్లీ చేపలు, టేకు చేపలు, సముద్రపు పాములు, సముద్రపు తాబేళ్ళు. వీటిలో ఏదీ మనిషిని వేటాడదు. తాకినపుడో, తొక్కినపుడో, పట్టుకున్నపుడో మాత్రమే మొదటి మూడింటి వలన హాని కలుగుతుంది. తాబేలు విషయంలో మాత్రం హాని మనిషి వలన తాబేలుకే.

తీర స్వభావం

కృష్ణానది పులిగడ్డ వద్ద చీలి, దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. నది తెచ్చే ఒండ్రు వలన ఇక్కడి నీరు తరచు మసకగా ఉంటుంది. అడుగున ఉన్న జీవి స్నానం చేసేవారి కంటికి కనబడకపోవటానికి ఇదే ముఖ్య కారణం.

జెల్లీ చేపలు

పేరులో చేప ఉన్నా ఇవి చేపలు కావు. వీటికి ఎముకలు గాని, మెదడు గాని లేవు. శరీరంలో సుమారు 95 శాతం నీరే. స్పర్శకాలపై ఉండే దంశకణాలు తాకగానే విషాన్ని చిమ్ముతాయి. ఒడ్డుకు కొట్టుకువచ్చి చనిపోయిన జెల్లీ చేప కూడా కుట్టగలదు కనుక పిల్లలను తాకనీయరాదు. కుట్టినచోట రుద్దరాదు, మంచినీటితో కడగరాదు. ఈ రెండింటి వలన మిగిలిన కణాలు కూడా పగులుతాయి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న పోగులను చిమటాతో తీసివేయాలి. తరువాత ఓర్చుకోగలిగిన వేడినీటిలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి అందకపోతే వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

టేకు చేపలు

ఇవి బల్లపరుపుగా ఉండి, ఇసుకలో సగం పూడుకొని పడుకుంటాయి. పలు జాతులకు తోకపై రంపపు పళ్ళవంటి అంచులుగల విషపు ముల్లు ఉంటుంది. తొక్కినపుడు ఆత్మరక్షణకై దానితో పొడుస్తాయి. పాదాలను ఎత్తి వేయక, నేలకు రాసుకుంటూ నడిస్తే ఆ కదలికకే ఇవి తప్పుకుంటాయి. గాయాన్ని ఓర్చుకోగలిగిన వేడినీటిలో (45 డిగ్రీల సెల్సియస్ మించకుండా) 30 నుండి 90 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. ధనుర్వాతపు టీకా విషయమై వైద్యుని సంప్రదించాలి. మరణాలు చాలా అరుదు. 2006 సెప్టెంబరు 4న ఆస్ట్రేలియా వన్యప్రాణి నిపుణుడు స్టీవ్ ఇర్విన్ ఛాతీలో ముల్లు దిగి మరణించటం అటువంటి అరుదైన సంఘటన.

సముద్రపు పాములు

తెడ్డువలె చదునైన తోక వీటి గుర్తు. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రచురించిన గ్రంథంలో కోరమాండల్ తీరపు పాములను వర్ణించాడు. సముద్రపు పాములు తీవ్రమైన విషం కలవైనా, కాటు వేయటం తక్కువ. వలలో చిక్కిన పామును చేతితో తీసే జాలరులే ఎక్కువగా కాటుకు గురవుతారు. కాటు దాదాపు నొప్పి లేకుండా ఉండవచ్చు. కొన్ని గంటలలో కండరాల నొప్పులు, ముదురు రంగు మూత్రం కనిపిస్తాయి. భారతదేశంలో సాధారణంగా వాడే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు ఉద్దేశించినది. సముద్రపు పాము విషానికి పనిచేయదు. అందువలన నొప్పి లేదని ఉపేక్షించక, కాటుపడిన అవయవాన్ని కదపకుండా, శ్వాసకు, మూత్రపిండాలకు చికిత్స చేయగల పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

సముద్రపు తాబేళ్ళు

ఈ తీరానికి గుడ్లు పెట్టటానికి వచ్చేది ఆలివ్ రిడ్లే (లెపిడోఖెలిస్ ఒలివేషియా) జాతి తాబేలు. గుడ్లు పెట్టే కాలం ముఖ్యంగా జనవరి నుండి మార్చి వరకు. మాఘ పౌర్ణమి స్నానాలు కూడా ఈ కాలంలోనే వస్తాయి. ఆడ తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంట తీసి సుమారు 100 గుడ్లు పెడుతుంది. 45 నుండి 60 రోజులలో పిల్లలు వెలువడి, సముద్రం వైపు కనబడే వెలుగును బట్టి నీటిని చేరుకుంటాయి. ఒడ్డున దీపాలు ఉంటే దారి తప్పి మరణిస్తాయి. ఊపిరితిత్తులతో శ్వాసించే జీవులు కనుక, పెద్ద తాబేళ్ళు ట్రాలర్ వలలలో చిక్కి పైకి రాలేక చనిపోతున్నాయి. స్నానానికి వచ్చినవారికి కనబడే కళేబరాలలో చాలావరకు ఇటువంటివే. ఈ జాతి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నది. అటవీశాఖ వారు గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను సముద్రంలో విడుస్తున్నారు. తాబేలు కనబడితే దూరంగా నిలబడాలి, టార్చి వేయరాదు, గుడ్లను తాకరాదు, అటవీశాఖకు తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

దివిసీమ
కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం
మడ అడవులు