సైలెన్సర్ మోత.. ఇంజిన్ బలమేనా?

పాత కారుకు కొత్త భాగాలు బిగించే ముందు ఆలోచించాల్సిందే

తాళం తిప్పగానే వీధి చివరి వరకు వినిపించాలి.. కాలు నొక్కగానే కారు దూసుకుపోవాలి. పాత కారుపై మోజుతో మెకానిక్ షెడ్డుకు వచ్చే యువకుల కోరిక సాధారణంగా ఇదే. మొదటిది సులువుగానే నెరవేరుతుంది. కంపెనీ సైలెన్సర్ విప్పేసి లావుపాటి గొట్టం బిగిస్తే చాలు. రెండోదానితోనే చిక్కు. వేలకు వేలు పోసిన తర్వాత పికప్ తగ్గిందని, మైలేజీ పడిపోయిందని వాపోయేవారు తక్కువేమీ కాదు. మోత వేరు, బలం వేరు. ఆ తేడా తెలియాలంటే ఇంజిన్ గాలిని ఎలా పీలుస్తుందో, పొగను ఎలా వదులుతుందో తెలుసుకోవాలి.

వీటెక్‌పై తీరని మోజు

2000ల ఆరంభంలో మన దేశంలో అమ్ముడైన మొదటి తరం హోండా సిటీ 1.5 వీటెక్ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ ఇంజిన్ సామర్థ్యం 106 హార్స్‌పవర్. 2003లో దాని స్థానంలో వచ్చిన కొత్త సిటీలో 1.5 లీటర్ల ఇంజిన్ 77 హార్స్‌పవర్‌కే పరిమితమైంది. మైలేజీకి ప్రాధాన్యం ఇవ్వడమే అందుకు కారణం. దీంతో వేగాన్ని ఇష్టపడేవారు పాత వీటెక్‌నే వెతికి కొనడం మొదలుపెట్టారు. ఇప్పటికీ దాన్ని పదిలంగా కాపాడుకుంటున్నవారు ఉన్నారు. అయితే ఆ కార్ల వయసు ఇప్పుడు రెండు దశాబ్దాలు దాటింది. వాటిపై చేసే ప్రతి ప్రయోగమూ ఈ సంగతిని గుర్తుంచుకునే చేయాలి.

గాలి ఎంతో.. బలం అంతే

పెట్రోలు ఒక్కటే మండదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. అంటే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9 వేల లీటర్ల గాలి అవసరం. పెట్రోలు ఎక్కువగా పోయడం ఏ ఇంజిన్‌కైనా సులభమే. అంత గాలిని లోపలికి తీసుకోవడమే కష్టం. నిమిషానికి 6 వేల చుట్లు తిరిగే 1.5 లీటర్ల ఇంజిన్ లెక్క ప్రకారం 4,500 లీటర్ల గాలి పీల్చాలి. ఫిల్టర్, గొట్టాలు, వాల్వులు అడ్డు తగలడం వల్ల వాస్తవంలో అంత చేరదు. ఈ అడ్డంకులను తగ్గించడమే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ భాగాలను మార్చడంలోని అసలు ఉద్దేశం.

వీటెక్ ఇంజిన్‌లో మరో ఏర్పాటు ఉంది. నిర్ణీత వేగం దాటగానే ఆయిల్ ఒత్తిడితో ఇన్‌టేక్ వాల్వులు మరింత ఎత్తుగా, మరికొంత ఎక్కువ సేపు తెరుచుకుంటాయి. అందుకే దాని సత్తా పై వేగాల్లోనే బయటపడుతుంది. ఆయిల్ తగ్గినా, మురికిపట్టినా ఈ ఏర్పాటు సరిగా పని చేయదు. ఏ భాగమూ మార్చకుండానే బలం తగ్గిపోయిన కార్లలో ముందుగా చూడాల్సిన వాటిలో ఇదొకటి.

చల్లగాలే కీలకం

కంపెనీ ఫిల్టర్ పెట్టెను తీసేసి, బోనెట్ కింద శంఖాకారపు ఫిల్టర్‌ను తెరిచి ఉంచడం ఇప్పుడు పరిపాటిగా మారింది. గాలి పీల్చే హోరు బాగా వినిపిస్తుంది. అది పీల్చేది మాత్రం ఇంజిన్ వేడికి కాగిన గాలి. ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత ఒక శాతం తగ్గుతుంది. వేసవిలో బయట 40 డిగ్రీలుంటే, బోనెట్ కింద 60 డిగ్రీల గాలి ఇంజిన్‌లోకి వెళ్లిందనుకుందాం. గాలి బరువు ఆరు శాతం తగ్గినట్టే. కొత్త ఫిల్టర్ వల్ల ఒనగూరిన లాభం ఇక్కడే ఆవిరవుతుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో తిరిగే కార్లకు ఈ నష్టం ఇంకా ఎక్కువ.

కంపెనీ పెట్టె బయటి నుంచి గాలి తీసుకునేలా ఉంటే, దాన్ని ఉంచి నాణ్యమైన ఫిల్టర్ వేసుకోవడమే మేలు. మార్చక తప్పదనుకుంటే వేడి తగలకుండా అడ్డు కట్టి, ముందువైపు నుంచి చల్లగాలి అందే ఏర్పాటు చేయాలి. గొట్టాన్ని మరీ కిందికి దించితే వానాకాలంలో నీళ్లు పీల్చే ప్రమాదం ఉంది. ఇంజిన్‌లోకి నీరు చేరితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. నాసిరకం ఫిల్టర్ వడకట్టకుండా వదిలేసిన సన్నని ధూళి పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తుంది. మట్టి రోడ్లపై తిరిగే కారుకు ఇది నెమ్మదిగా ఎక్కే విషం వంటిది.

గొట్టం లావైతే సరిపోదు

పొగగొట్టం ఎంత లావుగా ఉంటే అంత బలం అన్నది బాగా పాతుకుపోయిన అపోహ. ఒక్కో సిలిండర్ నుంచి వెలువడే వేడి వాయువు ఊపుగా ముందుకు కదిలితే, దాని వెనుక తక్కువ పీడనం ఏర్పడుతుంది. ఆ పీడనం సిలిండర్‌లో మిగిలిన పొగను బయటికి లాగుతుంది. తాజా గాలి లోపలికి రావడానికీ తోడ్పడుతుంది. గొట్టం అవసరానికి మించి లావైతే వాయువు వేగం తగ్గుతుంది, ఈ లాగుడు బలహీనపడుతుంది. ఊరి ట్రాఫిక్‌లో, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పికప్ తగ్గినట్టు అనిపించడానికి కారణం ఇదే. గొట్టం సన్నగిల్లితే పై వేగాల్లో పొగ బయటికి పోలేదు. ఇంజిన్ పరిమాణానికి, తిరిగే వేగానికి తగిన కొలతే సరైనది.

మ్యానిఫోల్డ్ బదులు వేసే హెడర్లలో రెండు రకాలున్నాయి. నాలుగు గొట్టాలు నేరుగా ఒకటిగా కలిసేవి ప్రధానంగా పై వేగాల్లో ఉపకరిస్తాయి. నాలుగు రెండుగా, రెండు ఒకటిగా కలిసేవి మధ్య వేగాల్లో బలాన్నిస్తాయి. నిత్యం రోడ్డుపై తిరిగే కారుకు రెండో రకమే అనువైనది.

కొందరు క్యాటలిటిక్ కన్వర్టర్‌నే తీసేయిస్తుంటారు. కార్బన్ మోనాక్సైడ్ వంటి విషవాయువులను చాలావరకు అరికట్టేది అదే. దానికి తోడు జాయింట్ల వద్ద లీకు ఉంటే, రంగూ వాసనా లేని ఆ వాయువు క్యాబిన్‌లోకి చేరవచ్చు. అద్దాలు బిగించుకుని ప్రయాణించే కుటుంబానికి అది ప్రాణాంతకం.

కంప్యూటర్‌కు తెలియాలి

ఈ కారులో పెట్రోలు ఎంత పోయాలో నిర్ణయించేది ఈసీయూ. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని, ఇంజిన్ వేగాన్ని చూసి, కంపెనీ ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం అది లెక్క కడుతుంది. మామూలు వేగాల్లో ఆక్సిజన్ సెన్సర్ సాయంతో తప్పులు దిద్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు మాత్రం పట్టికనే నమ్ముతుంది. కొత్త భాగాలతో గాలి పెరిగి, పట్టిక పాతదే అయితే మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజిన్ వేడెక్కుతుంది, కొట్టుకుంటుంది. హెడర్ జాయింటులో సన్నని లీకు ఉన్నా బయటి గాలి చొరబడి సెన్సర్‌ను తప్పుదోవ పట్టిస్తుంది. దీంతో అవసరానికి మించి పెట్రోలు ఖర్చవుతుంది. అందుకే భాగాలు బిగించాక డైనోపై కొలిచి ట్యూనింగ్ చేయించకపోతే పెట్టిన డబ్బుకు ఫలితం దక్కదు.

అన్నీ సవ్యంగా కుదిరినా, టర్బో లేని ఇంజిన్‌కు ఈ మార్పులతో సాధారణంగా ఐదు నుంచి పది శాతానికి మించి బలం పెరగదు. 106 హార్స్‌పవర్ ఇంజిన్‌కు అది ఐదు నుంచి పది హార్స్‌పవర్‌తో సమానం.

పోయిన బలం రాబట్టాకే..

ఇరవై ఏళ్లు దాటిన ఇంజిన్ అంతకంటే ఎక్కువ బలాన్ని ఇప్పటికే కోల్పోయి ఉండవచ్చు. రింగులు అరిగి కంప్రెషన్ తగ్గడం, ట్యాపెట్ సెట్టింగ్ తప్పడం, థ్రాటిల్ బాడీలో మసి, ఇంజెక్టర్లలో మడ్డి, మొద్దుబారిన ఆక్సిజన్ సెన్సర్, లోపల మూసుకుపోయిన కన్వర్టర్.. వీటిలో ఏదైనా కావచ్చు. ముందుగా కంప్రెషన్ పరీక్ష చేయించాలి. అది బాగుంటే మిగిలినవి సరిచేసుకోవాలి. చాలా కార్లలో యజమాని కోరుకున్న ఊపు అక్కడే తిరిగి వస్తుంది. కంప్రెషన్ లేని ఇంజిన్‌కు హెడర్లు బిగించడమంటే కూలే గోడకు రంగు వేయడమే.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ శబ్దాన్ని తగ్గించే సైలెన్సర్ తప్పనిసరి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చరాదని చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే తొలిసారి రూ.10 వేల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంది. 15 ఏళ్లు నిండిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ తనిఖీలో మోత గొట్టంతో వెళ్తే చిక్కులు తప్పవు. వేగం చూపాలనుకునేవారికి చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి ట్రాకులు ఉన్నాయి. ప్రజలు నడిచే వీధి అందుకు వేదిక కాదు.

ఇవి మరవొద్దు

* కంప్రెషన్, ట్యాపెట్, ఆయిల్ సరిచూశాకే కొత్త భాగాల గురించి ఆలోచించాలి.

* ఫిల్టర్‌కు చల్లగాలి అందాలి.. నీరు, ధూళి చేరకూడదు.

* క్యాటలిటిక్ కన్వర్టర్ తీయొద్దు. జాయింట్లలో లీకు లేకుండా చూడాలి.

* మార్పునకు ముందు, తర్వాత డైనోపై కొలిపించి రెండు కాగితాలూ తీసుకోవాలి. చెవికి వినిపించేది కాదు, ఆ కాగితాల్లో కనిపించేదే బలం.

* కంపెనీ సైలెన్సర్‌ను పాతసామానుకు అమ్మేయొద్దు. తిరిగి బిగించాల్సిన రోజు రావచ్చు.