మీకు తెలుసా? డెస్క్‌టాప్‌లో దూసుకెళ్లిన ల్యాప్‌టాప్ చిప్

2004 ప్రాంతంలో ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ను దాని నిర్ణీత వేగం కంటే ఎక్కువగా నడిపించడం) పిచ్చి ఉన్నవాళ్లు డెస్క్‌టాప్ కోసం ఏరికోరి కొన్నది ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ని! దాని పేరు ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ-ఎం 2500+. డెస్క్‌టాప్ 2500+ చిప్ 1.83 గిగాహెర్ట్జ్ వేగానికి 1.65 వోల్టులు అడిగేది. మొబైల్ రకం 1.45 వోల్టులతోనే 1.86 గిగాహెర్ట్జ్ అందుకునేది. రెండింటిలో ఉన్నది బార్టన్ కోరే, రెండూ కూర్చునేది సాకెట్ ఏలోనే.

తక్కువ వోల్టేజీకే అంత వేగం పలికిందంటే, పెంచుకోవడానికి ఇంకా జాగా ఉన్నట్టే కదా! వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా స్విచ్ అవుతాయి. చిక్కల్లా వేడితోనే. అది వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.45 నుంచి 1.65కి వెళ్తే వోల్టేజీ పెరిగేది సుమారు 14 శాతమే. వేగం అంగుళం కదపకపోయినా విద్యుత్ ఖర్చు మాత్రం దాదాపు 30 శాతం ఎగబాకుతుంది. వేగమూ పెంచితే ఆ భారం అదనం.

ఈ చిప్‌లో వేగాన్ని నిర్ణయించే మల్టిప్లయర్‌కు తాళం కూడా లేదు. మంచి కూలర్ బిగించి 2.4 గిగాహెర్ట్జ్ దాటించినవాళ్లు బోలెడుమంది. అలాగని లేబుల్ మీది వోల్టేజీ అంకె హామీ పత్రమేమీ కాదు. ఒకే రేటింగున్న రెండు చిప్‌లలో ఒకటి పరుగెత్తితే, రెండోది మొరాయించవచ్చు.