పంటి మీద నీటి మరక
గార పళ్లతో మొదలై నడుము దాకా.. ఫ్లోరోసిస్ ఆనవాళ్లివే

‘సరిగ్గా తోముకోవేరా? పళ్లు చూడు ఎట్లా గార పట్టాయో!’ పావగడ, బాగేపల్లి, కృష్ణగిరి వైపు పల్లెల్లో పిల్లలకు ఈ చీవాట్లు మామూలే. బొగ్గుపొడి, ఇటుకపొడి పెట్టి రుద్దినా మరక వదలదు. అది పంటి మీద పేరుకున్న పాచి కాదు, పన్ను తయారయ్యేటప్పుడే పడిన మచ్చ. తప్పు పిల్లాడిది కాదు, తాగే నీళ్లది.

రాళ్లలోని ఫ్లోరైడ్ బోరు నీళ్లలో కరుగుతుంది. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. దేశంలో ఈ జబ్బును 1937లో తొలిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే.

రోగి చెప్పేది, డాక్టరు చూసేది
రోగి చెప్పుకునే బాధ లక్షణం. డాక్టరు కంటికి కనిపించేది చిహ్నం. ఇక్కడ బాధకంటే ముందు చిహ్నమే వస్తుంది. రెండు వైపులా జత పళ్ల మీద అడ్డంగా సుద్దరంగు గీతలు పడతాయి. తర్వాత పసుపు, గోధుమ రంగుకు తిరుగుతాయి. ఎనిమిదేళ్లలోపు తాగిన నీళ్ల ఫలితమిది. అందుకే వేరే ఊరి నుంచి వచ్చిన కోడలి పళ్లు తెల్లగానే ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి అవే నీళ్లు తాగితే ఎముకలకు ముప్పు తప్పదు.

మెడ, నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. వయసు మీద పడిందనో, కీళ్లవాతమనో నొప్పి మాత్రలు మింగుతూ కాలం గడిపేస్తారు. ముదిరితే వెన్ను వంగిపోతుంది. నరాలు నొక్కుకుని కాళ్లు చచ్చుబడే ప్రమాదమూ ఉంది.

ఇంట్లోనే మూడు పరీక్షలు
మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ పైకెత్తి తల వెనక్కి చేర్చగలరా? నొప్పిగా, బిగుసుకున్నట్టు ఉంటే అనుమానించాలి. అంతమాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. ముంజేతి ఎక్స్‌రే, మూత్రం, నీళ్ల పరీక్షలు చూసి డాక్టరే తేల్చాలి.

మందు లేదు.. మార్గముంది
వంగిన ఎముకను సరిచేసే మందు లేదు. నీళ్లు మారిస్తే జబ్బు ముదరకుండా అడ్డుకోవచ్చు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వాన నీళ్లు, నది నీళ్లు, ఆర్వో నీళ్లు మేలు. పాలు, రాగి సంకటి, ఆకుకూరలు, ఉసిరికాయ పిల్లలకు తప్పక పెట్టాలి.

ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు 2013లో హొగెనకల్ పథకం కింద కావేరి నీళ్లు వచ్చింది ఈ జబ్బు వల్లే. అయితే తాగడానికి మంచి నీళ్లు పట్టుకుని, అన్నం పప్పు బోరు నీళ్లతో వండితే ఫలితం అంతంతమాత్రమే.

బడిలో పిల్లల పళ్లు చూస్తే ఊరి నీళ్ల గుట్టు తెలిసిపోతుంది. ఈసారి పిల్లాణ్ని తిట్టే ముందు, సీసాలో బోరు నీళ్లు పట్టి పరీక్షకు పంపండి.