పగడాల తొట్టెకు ఏ చేప?

మా అక్కయ్య కొడుకు అమెరికాలో పెరుగుతున్నాడు. వాడికి పన్నెండేళ్ళు. వాళ్ళ ముందు గదిలో అయిదడుగుల పొడవు గల ఒక గాజుతొట్టె ఉన్నది. అందులో ఉన్నది మంచినీరు కాదు, ఉప్పునీరు. అడుగున ఇసుక, ఇసుక మీద రాళ్ళు, రాళ్ళ మీద బతికి ఉన్న పగడాలు. తొట్టెలో సుమారు 500 లీటర్ల నీరు పడుతుంది. నేను వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు వాడు నన్ను చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి లాక్కుపోయి, "మామయ్యా, ఇందులోకి ఒక ఏంజెల్ చేప కొనాలి. ఏది కొనాలో నువ్వు చెప్పు," అన్నాడు.

"నీకు నచ్చినది కొనుక్కో. నన్ను అడగటం దేనికి?" అన్నాను.

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. తరవాత అసలు సంగతి చెప్పాడు. అంతకు ముందు సంవత్సరం వాడు తనకు నచ్చిన చేపనే కొన్నాడు. దానిని రాక్ బ్యూటీ అంటారు. తలా, తోకా బంగారు పసుపు, మధ్య ఒళ్ళంతా కాటుక నలుపు, కంటి మీద నీలిరంగు మెరుపు. దుకాణంలో దానికంటే అందమైనది లేదు. ఇంటికి తెచ్చాక అది రాళ్ళ సందుల్లో తిరుగుతూ ఏదో వెతికేది. వేసిన మేతను నోట్లో పెట్టుకుని ఉమ్మేసేది. వీళ్ళు రొయ్య ముక్కలు వేశారు, నాచు వేశారు, రకరకాల మేతలు తెచ్చి వేశారు. దాని పొట్ట రోజురోజుకూ లోపలికి పీక్కుపోయింది. ఆరో వారంలో ఒకనాడు పొద్దున్నే చూస్తే అడుగున పడి ఉన్నది.

"తొట్టెనిండా మేత ఉండగానే అది ఆకలితో చచ్చిపోయింది, మామయ్యా," అన్నాడు వాడు.

ఎందుకు చచ్చిపోయిందో తెలిస్తే, ఏ చేప కొనాలో సగం తెలిసినట్టే. అందుచేత ముందు ఆ చేపల సంగతి చూద్దాం.

మన ఊళ్ళలో రంగుచేపల దుకాణాలలో ఏంజెల్ అని అమ్మే చేపను మీలో చాలామంది చూసే ఉంటారు. పలచగా, గాలిపటం లాగా ఉంటుంది. అది దక్షిణ అమెరికాలో అమెజాన్ నదీ ప్రాంతానికి చెందిన మంచినీటి చేప. ఇక్కడ మనం చెప్పుకునేది అది కాదు. సముద్రపు ఏంజెల్ చేపలు వేరే కుటుంబం. వీటిలో దాదాపు 90 జాతులున్నాయి. వీటికి చెక్కిలి మీద, మొప్పను కప్పే రేకుకు కింది భాగాన, వెనక్కు తిరిగిన ఒక ముల్లు ఉంటుంది. ఈ కుటుంబానికి శాస్త్రజ్ఞులు పెట్టిన గ్రీకు పేరుకు "మూతకు ముల్లు గలది" అని అర్థం. ఇవి సీతాకోకచిలుక చేపలనే మరో కుటుంబాన్ని చాలావరకు పోలి ఉంటాయి గాని, వాటికి ఈ ముల్లు ఉండదు. వలలో పడితే ఈ ముల్లు దారాలకు చిక్కుకుంటుంది. అందుచేత తెలిసినవాళ్ళు ఈ చేపను వలతో కాక, ఏదైనా గిన్నెతో నీళ్ళతో సహా పట్టుకుంటారు.

ఇవి ఉండేది పగడపు దిబ్బలలో. లక్షదీవుల చుట్టూ, అండమాన్ నికొబార్ దీవుల చుట్టూ, తమిళనాడు పక్కన మన్నారు సింధుశాఖలో పగడపు దిబ్బలున్నాయి. మన తెలుగు తీరాన అటువంటివి పెరగలేదు. గోదావరీ కృష్ణలు తెచ్చి పోసే మంచినీరూ, ఒండ్రుమట్టీ పగడాలకు గిట్టవు. వాటికి తేటగా ఉండి, ఎండ దిగే ఉప్పునీరు కావాలి.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రాతిపగడాలకు, పులికి ఇచ్చినంత రక్షణ ఉన్నది. వాటిని సముద్రంలోనుంచి తీయటం, అమ్మటం నేరం. మా మేనల్లుడి తొట్టెలో పగడాలు సముద్రంలోనుంచి వచ్చినవి కావు. అక్కడ పగడాలు పెంచేవాళ్ళు, మనం గులాబి కొమ్మ విరిచి పాతినట్టు, పెరిగిన పగడంనుంచి చిన్న ముక్క విరిచి మరొక రాతికి అంటిస్తారు. కొన్నాళ్ళకు అది కొత్త పగడమవుతుంది. వాడి పగడాలన్నీ ఆ విధంగా ఒకరి ఇంటినుంచి ఒకరి ఇంటికి చేతులు మారుతూ వచ్చినవే.

ఇక ఆ చచ్చిపోయిన చేప సంగతి. 1968లో జాన్ రాండల్, విలర్డ్ హార్ట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెస్టిండీస్ సముద్రంలో పట్టిన చేపల కడుపులలో ఏముందో పరీక్షించి ఒక వ్యాసం ప్రకటించారు. రాక్ బ్యూటీ, దానికి దగ్గర చుట్టమైన క్వీన్ ఏంజెల్, ఇవి తిన్న ఆహారంలో 95 శాతానికి పైగా స్పాంజి ఉన్నది! స్పాంజి అంటే సముద్రం అడుగున రాళ్ళకు అంటుకుని పెరిగే ఒక జంతువు. చాలా రకాల స్పాంజిల ఒళ్ళంతా గాజుసూదుల వంటి ముళ్ళు ఉంటాయి. కొన్నిటిలో చేదు రసాయనాలుంటాయి. తక్కిన చేపలు చాలావరకు వాటి జోలికి పోవు. ఈ ఏంజెల్ చేపలు మాత్రం వాటినే కోరి తింటాయి. స్పాంజిలు మితిమీరి పెరిగి పగడాలను కప్పెయ్యకుండా చేసేది కూడా ఇవే.

ఇక చూడండి. సముద్రంలో పగడాలకు మేలుచేసే ఆ చేపను మనం తెచ్చి తొట్టెలో వేసి, రొయ్య ముక్క తినమంటున్నాం. పచ్చగడ్డి మేసే ఆవుకు పలావు వడ్డించినట్టే! ఆ దుకాణదారుకు ఈ సంగతి తెలుసో తెలియదో నాకు తెలియదు. తెలిసి అమ్మితే తప్పే. వీళ్ళు అడగకపోవటం కూడా తప్పే.

"అయితే స్పాంజి తినని ఏంజెల్‌ను కొందాం," అన్నాడు మావాడు.

అక్కడే ఉన్నది చిక్కు. స్పాంజి దొరకనప్పుడు చాలా ఏంజెల్ చేపలు పగడాలను రుచి చూడటం మొదలుపెడతాయి. పగడం రాయిలాగా కనిపించినా, నిజానికి వేలకొద్దీ చిన్న చిన్న జీవులు కలిసి కట్టుకున్న ఇల్లు. ఒక్కొక్క జీవికీ నోరూ, నోటి చుట్టూ మీసాలూ ఉంటాయి. వాటి శరీరం లోపల కంటికి కనపడనంత చిన్న నాచు పెరుగుతుంది. పగడం మెత్తని ఒళ్ళు విచ్చుకుని వెలుతురు తాగితే, లోపలి నాచు ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది. చేప వచ్చి ఒకసారి కొరికితే పగడం ముడుచుకుపోతుంది. కాసేపటికి మళ్ళీ విచ్చుకుంటుంది. మళ్ళీ కొరికితే మళ్ళీ ముడుచుకుంటుంది. ఇలా రోజూ జరిగితే, చేప తిన్నది చిటికెడే అయినా, పగడం వెలుతురు లేక చిక్కిపోయి చస్తుంది. బాగా కండగల పగడాలకూ, పెద్ద ఆల్చిప్పలకూ ఈ బెడద మరీ ఎక్కువ.

మరునాడు ముగ్గురం, అంటే మా బావగారూ, వాడూ, నేనూ, చేపల దుకాణానికి వెళ్ళాం. వాడు వెంటనే ఒక తొట్టె ముందు ఆగిపోయాడు. అందులో అగ్గిపెట్టె అంత చేపపిల్ల ఒకటి ఉన్నది. కారునీలం ఒంటి మీద తెల్లని గీతలు ఒకదాని లోపల ఒకటిగా, నీళ్ళలో రాయి వేస్తే లేచే వలయాల లాగా ఉన్నాయి. అది ఎంపరర్ ఏంజెల్, అంటే చక్రవర్తి చేప. నాకూ నోరు తెరవాలనిపించలేదు, అంత అందంగా ఉన్నది! కాని ఈ చేపపిల్ల అలాగే ఉండదు. పెరిగి, పసుపూ నీలమూ చారలతో సుమారు 40 సెంటీమీటర్ల చేప అవుతుంది. పిల్లకూ పెద్దకూ ఏమీ పోలిక లేకపోవటంచేత ఒకప్పుడు శాస్త్రజ్ఞులే వీటిని రెండు వేరు జాతులనుకుని, పిల్లకు నికొబార్ దీవుల పేరు పెట్టారు. పెద్ద చేపలు తమ వంటి చేపను దగ్గరికి రానివ్వవు, తరిమి కొడతాయి. పిల్లల రంగు వేరుగా ఉండటంవల్ల వాటిని తరమకుండా ఊరుకుంటాయని అనుకుంటారు. ఇంత చేపకు 500 లీటర్ల తొట్టె చాలదు. పైగా అది పెరిగేకొద్దీ పగడాలను కొరుకుతుంది. వాడు నిట్టూర్చి ముందుకు నడిచాడు.

రెండో తొట్టెలో మరుగుజ్జు ఏంజెల్ చేపలున్నాయి. ఇవి అంత పెద్దగా పెరగవు. నిప్పురంగు మీద నల్లని నిలువు పట్టెలు గల ఫ్లేమ్ ఏంజెల్, ఊదా నారింజ రంగులు కలిసిన కోరల్ బ్యూటీ వీటిలోవే. సముద్రంలో ఇవి రాళ్ళమీది సన్నని నాచును గీరుకు తింటాయి. బాగా నాచు పట్టిన పాత తొట్టెలో, రోజుకు రెండు మూడుసార్లు మేత వేస్తూ ఉంటే, చాలా చేపలు పగడాల జోలికి పోవు. కాని కొన్ని పోతాయి. ఒకే జాతిలో ఒకటి జీవితమంతా బుద్ధిగా ఉంటే, ఇంకొకటి ఏడాదిపాటు బుద్ధిగా ఉండి తరవాత చెడిపోవచ్చు. ఏది ఎటువంటిదో ముందు చెప్పలేం. చెడిపోయిన చేపను పట్టుకోవాలంటే తొట్టెలో రాళ్ళన్నీ పెకలించాలి. దుకాణదారు, "ఫరవాలేదు, కొనండి," అన్నాడు. మావాడు ఫ్లేమ్ ఏంజెల్ వంకే చాలాసేపు చూశాడు.

"ఇది కొరికితే మన పగడాలు పోతాయా?" అన్నాడు.

"పోవచ్చు."

"ఒద్దు, మామయ్యా. ఆకుపచ్చ పగడం నేను గోరంత ముక్కనుంచి పెంచాను."

చివరికి మేము చూసినది జెనికాంథస్ అనే రకం. ఏంజెల్ చేపలలో వీటి జీవితమే వేరు. ఇవి రాళ్ళను గీరవు. పగడపు దిబ్బకు పైన, నీటి మధ్యలో ఈదుతూ, ప్రవాహంలో కొట్టుకొచ్చే చిన్న చిన్న ప్రాణులను పట్టి తింటాయి. అందుచేత పగడాలకు వీటివల్ల భయం చాలా తక్కువ. నోరు చిన్నది, తోక తంగేటి చీలిక లాగా రెండు కొసలు సాగి ఉంటుంది. తక్కిన ఏంజెల్ చేపలతో పోలిస్తే రంగుల ఆర్భాటం తక్కువ. దుకాణానికి వచ్చినవాళ్ళు ముందు వీటిని చూడకపోవటానికి అదే కారణమనుకుంటాను.

అక్కడ ఉన్నది మెలనోస్పిలస్ అనే జాతి ఆడచేప. పైన లేత పసుపు, కింద లేత నీలం. ఈ జాతి పసిఫిక్ మహాసముద్రం పడమటి భాగంలో, ఇండొనీషియానుంచి ఫిజీ వరకు ఉంటుంది. పెరిగితే 18 సెంటీమీటర్లు, అంటే జానెడు లోపు.

జాతి కుదిరింది గదా అని డబ్బిచ్చి తెచ్చుకోలేదు. ఈ చేపలు సాధారణంగా లోతు నీళ్ళలో ఉంటాయి. పట్టేవాళ్ళు తొందరపడి ఒక్కసారిగా పైకి లాగితే, వాటి ఒంట్లో ఉన్న గాలితిత్తి ఉబ్బి చెడిపోతుంది. అటువంటి చేప తల కిందికి వాలి, తోక పైకి తేలుతూ ఈదుతుంది. మేము పావుగంటసేపు నిలబడి చూశాం. ఇది తిన్నగా ఈదుతున్నది. పొట్ట పీక్కుపోలేదు. కళ్ళు తేటగా ఉన్నాయి. మొప్పలు ఆయాసపడుతున్నట్టు కొట్టుకోవటంలేదు. అప్పుడు మావాడు దుకాణదారుతో, "దీనికి మా ఎదుట మేత వెయ్యండి," అన్నాడు. రాక్ బ్యూటీ కొన్ననాడు ఈ మాట అడగలేదు గదా! ఆయన గడ్డకట్టించిన సన్నరొయ్యలు కొన్ని వేశాడు. చేప చరచరా వచ్చి నాలుగు మింగింది.

"దీన్ని ఎలా పట్టారు?" అని కూడా వాడు అడిగాడు. ఇది అడగవలసిన ప్రశ్నే. 1960ల్లో ఫిలిప్పీన్స్‌లో మొదలై, కొన్ని చోట్ల సయనైడు విషం నీళ్ళలో చిమ్మి, మత్తెక్కిన చేపలను ఏరటం ఒక అలవాటయింది. ఆ విషానికి దిబ్బమీది పగడాలు చస్తాయి. పట్టుబడిన చేపలలో కూడా చాలా భాగం తరవాత చస్తాయి. వలతో పట్టినదని దుకాణదారు కాగితం చూపించాడు. కొన్ని జాతుల ఏంజెల్ చేపలను ఇప్పుడు తొట్టెలలోనే పొదిగించి పెంచుతున్నారు. అది చాలా కష్టమైన పని. ఒక మిల్లీమీటరైనా లేని గుడ్లలోనుంచి వచ్చే పిల్లలకు, వాటి నోట్లో పట్టే మేత దొరకటమే కష్టం.

కొన్న చేపను వెంటనే పగడాల తొట్టెలో వెయ్యలేదు. నాలుగు వారాలు వేరే చిన్న తొట్టెలో ఉంచి, జబ్బేమీ లేదని చూసుకున్నాక అందులోకి మార్చారు. ఈ రకం చేపలు బెదిరితే ఎగిరి బయటపడతాయి గనక మా బావగారు తొట్టెకు పైన సన్నని వల బిగించారు. మొదటి రెండు రోజులు అది ఒక రాతి వెనకనే దాక్కున్నది. మూడోనాడు బయటికి వచ్చి మేత తిన్నది. ఆకుపచ్చ పగడం పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా మావాడు ఊపిరి బిగబట్టి చూసేవాడట. అది ఒకసారైనా ఆగి చూడలేదు.

నేను తిరిగి వచ్చిన అయిదు నెలలకు వాడు ఫోను చేశాడు. గొంతులో కంగారు.

"మామయ్యా, చేపకు ఏదో జబ్బు చేసింది! పసుపు వెలిసిపోతున్నది. ఒంటి మీద నల్లచారలు వస్తున్నాయి!"

"మేత తింటున్నదా?"

"బాగా తింటున్నది. ఇదివరకటికంటే ఎక్కువ తింటున్నది."

"చారలు నిలువుగా ఉన్నాయా?"

"అవును. గుండె దగ్గర ఒక నల్లమచ్చ కూడా వచ్చింది."

నాకు నవ్వు ఆగలేదు. ఈ చేపలు అన్నీ ఆడవిగానే పెరుగుతాయి. ఒక మగచేప కింద కొన్ని ఆడచేపలు గుంపుగా ఉంటాయి. ఆ మగది పోతే, ఆడవాటిలో పెద్దది రంగు మార్చుకుని మగదవుతుంది. వాడి తొట్టెలో మగది లేనేలేదు. అందుచేత ఉన్న ఆ ఒక్కటే మగచేప అవుతున్నది.

వాడు అంతా విని, "అయితే దానికి నేను పెట్టిన పేరు మార్చాలి," అన్నాడు.

ఏం పేరు పెట్టావని అడిగాను. "సీత," అన్నాడు.