నర్సింగ్‌ చదువు.. ఏం నేర్పాలి? ఏం వద్దు?

బీఎస్సీ నర్సింగ్‌ చివరి ఏడాదిలో ఉన్నారా? లేదంటే ఇంటర్‌ బైపీసీ అయిపోయి, ఎంబీబీఎస్‌ సీటు రాక నర్సింగ్‌ వైపు చూస్తున్నారా? అయితే మీ ఇంట్లో ఇప్పటికే చర్చ మొదలై ఉంటుంది. ‘నర్సింగ్‌ చేస్తే ఉద్యోగం గ్యారంటీ’ అని బాబాయి అంటే, ‘నైట్‌ డ్యూటీలు, చాలీచాలని జీతాలు.. ఎందుకొచ్చిన గొడవ’ అని అత్తయ్య అంటుంది. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ నాలుగేళ్లలో మీకు అసలేం నేర్పుతారు? డిగ్రీ అందరికీ ఒకటే. వార్డులో నిలబడ్డాక తేడా తెలిసేది నేర్చుకున్న పనిలోనే.

హైదరాబాద్‌ ఐటీ కారిడార్‌లో ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. మాదాపూర్‌, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అనగానే సాఫ్ట్‌వేర్‌ కంపెనీలే గుర్తొస్తాయి. కానీ ఏఐజీ, కాంటినెంటల్‌, కేర్‌ లాంటి పెద్ద ఆసుపత్రులూ ఇక్కడే ఉన్నాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు గచ్చిబౌలి స్టేడియం ప్రాంగణంలోని స్పోర్ట్స్‌ టవర్‌ను ప్రభుత్వం వారాల్లోనే 1,500 పడకల టిమ్స్‌ ఆసుపత్రిగా మార్చేసింది. మంచాలు, ఆక్సిజన్‌ పైపులు వారాల్లో వచ్చేస్తాయి. నర్సు తయారవ్వాలంటే మాత్రం ఏళ్లు పడుతుంది.

కాగితం మీద సిలబస్‌ బాగానే ఉంది

ఇండియన్‌ నర్సింగ్‌ కౌన్సిల్‌ 2021లో బీఎస్సీ నర్సింగ్‌ కొత్త సిలబస్‌ను నోటిఫై చేసింది. ఏడాది పరీక్షల పద్ధతి పోయి ఎనిమిది సెమిస్టర్ల క్రెడిట్‌ విధానం వచ్చింది. రెండో సెమిస్టర్‌లోనే హెల్త్‌ ఇన్ఫర్మాటిక్స్‌ పాఠం పెట్టారు. గుండె ఆగిన మనిషికి సీపీఆర్‌ చేయడం, నయంకాని జబ్బులున్నవాళ్లకు పాలియేటివ్‌ కేర్‌ అందించడం లాంటివి తప్పనిసరి మాడ్యూళ్లయ్యాయి. ఫోరెన్సిక్‌ నర్సింగ్‌ పరిచయం కూడా ఉంది. చివరి సెమిస్టర్‌ ఇంటర్న్‌షిప్‌కే. పైగా 1947 నాటి నర్సింగ్‌ కౌన్సిల్‌ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్‌ నర్సింగ్‌ అండ్‌ మిడ్‌వైఫరీ కమిషన్‌ చట్టాన్ని తెచ్చింది.

మరి సమస్య ఎక్కడుంది? సిలబస్‌ అందరికీ ఒకటే అయినా, నేర్పే తీరు కాలేజీకో రకం. అందుకే ఏవి తప్పక నేర్వాలో, వేటిని పక్కన పెట్టాలో మీకే స్పష్టంగా తెలిసి ఉండాలి.

ఇవి రావాల్సిందే

ఆలోచించి నిర్ణయం తీసుకోవడం: ఆపరేషన్‌ అయిన పేషెంట్‌ బీపీ ఎనిమిదింటికి 130, తొమ్మిదింటికి 116, పదింటికి 102. పల్స్‌ పెరుగుతోంది. మూడు అంకెలూ చార్టులో రాసేసి ఊరుకుంటారా? లోపల రక్తస్రావం అవుతోందేమోనని అనుమానించి డ్యూటీ డాక్టర్‌ను పిలుస్తారా? రాయడం ఎవరైనా చేస్తారు. పడిపోతున్న వరసను పసిగట్టడమే నర్సు పని. అమెరికాలో నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్‌ పరీక్షను 2023 ఏప్రిల్‌ నుంచి ఈ దిశగానే మార్చారు. కేసు ఇచ్చి, ముందు ఏం గమనిస్తారు, ఏం చేస్తారు అని అడుగుతారు. బట్టీ పడితే దానికి జవాబు దొరకదు.

లెక్క: లీటరు సెలైన్‌ 8 గంటల్లో ఎక్కాలి. డ్రిప్‌ సెట్‌ మిల్లీలీటరుకు 20 చుక్కలది. నిమిషానికి ఎన్ని చుక్కలు? వెయ్యిని ఇరవైతో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే సుమారు 42. కార్పొరేట్‌ ఆసుపత్రిలో ఆ పని పంపు చేస్తుంది కదా అంటారేమో. పంపు మీరు కొట్టిన అంకెనే నమ్ముతుంది. ఒక సున్నా ఎక్కువ కొడితే అది తప్పేనని మీ బుర్రకు తట్టాలి.

మాట: మీ పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి. పేషెంట్‌ మాత్రం ఇంగ్లిష్‌లో నొప్పి చెప్పడు. వికారాబాద్‌ నుంచి వచ్చిన పెద్దాయన ‘పానం మంచిగ లేదు బిడ్డా’ అంటాడు. గుంటూరు నుంచి వచ్చినావిడ ‘గుండె పట్టేసినట్టుందమ్మా’ అంటుంది. పాతబస్తీ నుంచి వచ్చినాయన ఉర్దూలో చెబుతాడు. ‘గుండెల మంట’ అన్నది గ్యాసా, గుండెపోటా అని తేల్చుకోవాలంటే ఇంకో నాలుగు ప్రశ్నలు వాళ్ల భాషలోనే వేయగలగాలి. విన్నదాన్ని డాక్టర్‌కు ఒక నిమిషంలో చెప్పడమూ రావాలి. ఇప్పుడున్న పరిస్థితి, నేపథ్యం, మీ అంచనా, ఏం కావాలి అనే నాలుగు మెట్ల పద్ధతిని ‘ఎస్‌బార్‌’ అంటారు. అమెరికా నౌకాదళంలో పుట్టి ఆసుపత్రులకు వచ్చిన ఈ పద్ధతిని డ్యూటీ మారేటప్పుడు, ఫోన్‌లో డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు వాడండి. ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది.

చేత్తో చేసే సేవ: ‘డిగ్రీ చదివి బెడ్‌ప్యాన్‌ పెట్టాలా?’ అని చాలామంది మొహం చిట్లిస్తారు. ఒళ్లు తుడిచేటప్పుడే నడుము కింద చర్మం ఎర్రబారడం కనిపిస్తుంది. పడకపుండును మొదట్లోనే ఆపేది ఆ చూపే. ఇంగ్లండ్‌లో మిడ్‌ స్టాఫర్డ్‌షైర్‌ ఆసుపత్రి వ్యవహారంపై విచారణ చేసిన ఫ్రాన్సిస్‌ నివేదిక 2013లో వచ్చింది. రోగులకు తిండి, నీళ్లు, శుభ్రత లాంటి మామూలు విషయాల్లోనే ఘోరమైన నిర్లక్ష్యం జరిగిందని తేల్చింది. నర్సింగ్‌ విద్యార్థులు కొంతకాలం నేరుగా రోగుల సేవ చేసి తీరాలని సిఫార్సు చేసింది.

అలాగని డిగ్రీ దండగ అనుకోకండి. తొమ్మిది ఐరోపా దేశాల్లో 4 లక్షల మందికి పైగా శస్త్రచికిత్స రోగుల వివరాలను పరిశీలించిన అధ్యయనం 2014లో ‘లాన్సెట్‌’లో వచ్చింది. డిగ్రీ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట రోగి చనిపోయే అవకాశం 7 శాతం తగ్గినట్టు కనిపించింది. ఒక్కో నర్సుకు ఒక్కో రోగి అదనంగా పెరిగితే అదే 7 శాతం పెరిగింది. అంటే చదువూ కావాలి, చేతి పనీ కావాలి, తగినంత మంది నర్సులూ ఉండాలి.

ఇవి అక్కర్లేదు

కట్నం పాఠాలు: 2022 ఏప్రిల్‌లో నర్సింగ్‌ విద్యార్థుల సోషియాలజీ పుస్తకంలోని ఒక పేజీ దేశమంతా వైరల్‌ అయింది. అందులో ‘వరకట్నం వల్ల లాభాలు’ అని జాబితా! కట్నంతో కొత్త కాపురానికి సామాన్లు సమకూరతాయట, అందంగా లేని అమ్మాయిలకూ పెళ్లిళ్లవుతాయట. 1961 నుంచి కట్నాన్ని నిషేధించిన చట్టం ఉన్న దేశమిది. గొడవ పెద్దదయ్యాక నర్సింగ్‌ కౌన్సిల్‌ ఆ రాతల్ని ఖండించింది. తాము సిలబస్‌ మాత్రమే ఇస్తామని, ఏ రచయిత పుస్తకాన్నీ ఆమోదించబోమని చెప్పింది.

ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. కాలిన గాయాలతో కొత్త కోడల్ని అర్ధరాత్రి క్యాజువాలిటీకి తెచ్చి ‘స్టవ్‌ పేలింది’ అని అత్తింటివాళ్లు చెబుతుంటే, ఆ అమ్మాయి పక్కన ఒంటరిగా నిలబడేది నర్సే. ‘నిజంగా ఏం జరిగిందమ్మా?’ అని అడగాలని ఆమెకు తట్టాలా, వద్దా? సోషియాలజీ పాఠం నేర్పాల్సింది అది. పుస్తకంలో అచ్చయింది కాబట్టి నిజమే అనుకోకుండా ప్రశ్నించడమూ చదువులో భాగమే.

రికార్డుల కాపీ: సీనియర్‌ రికార్డు తెచ్చుకుని, రాత్రంతా స్కెచ్‌ పెన్నులతో హెడ్డింగులు దిద్ది, అట్ట వేసి సంతకం పెట్టించుకోవడం మీకు తెలియనిది కాదు. నిజమైన పేషెంట్‌ గురించి సొంతంగా రాసిన రెండు పేజీల కేర్‌ప్లాన్‌, కాపీ కొట్టిన రెండు వందల పేజీలకంటే మేలు.

చాకిరీ: పోస్టింగ్‌ అంటే నేర్చుకునే సమయం. శాంపిళ్లు ల్యాబ్‌కు మోయడం, ఫైళ్లు తిప్పడం, ఖాళీగా ఉన్న ఉద్యోగుల స్థానంలో నిలబడటమే రోజంతా అయితే అది శిక్షణ కాదు. పక్కన నేర్పేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే గీటురాయి.

భయం: ‘చెప్పింది చెయ్‌, ఎదురు ప్రశ్న వెయ్యకు’ అని నాలుగేళ్లు విన్న అమ్మాయి, రేపు డోసు తప్పుగా రాసి ఉంటే డాక్టర్‌ను అడగగలదా? అణకువ వేరు, నోరు మూసుకోవడం వేరు. తప్పు జరిగితే దాచకుండా వెంటనే చెప్పే అలవాటు కాలేజీలోనే రావాలి.

‘సేవ కదా, జీతం అడగొద్దు’ అనే మాట: దీన్నీ వదిలేయండి. సుప్రీంకోర్టు 2016 ఆదేశాల తర్వాత కేంద్రం వేసిన నిపుణుల కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనూ నర్సుకు నెలకు కనీసం రూ.20 వేలు ఇవ్వాలంది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. అది సిఫార్సే, అన్నిచోట్లా అమలు కావడం లేదు. అయినా ఆఫర్‌ లెటర్‌ చేతికొచ్చినప్పుడు ఈ లెక్క మీ మనసులో ఉండాలి.

శిక్షణ మారితే ఏమవుతుంది?

మన దగ్గరే ఉదాహరణ ఉంది. సిజేరియన్లు విపరీతంగా పెరిగిన తెలంగాణలో 2017లో ప్రభుత్వం, ఫెర్నాండెజ్‌ ఆసుపత్రి, యునిసెఫ్‌ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు ప్రత్యేక మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. అది 18 నెలల కోర్సు. సహజ కాన్పును ఓపిగ్గా, గౌరవంగా నడిపించడం, ప్రమాదం కనిపిస్తే ఆలస్యం లేకుండా డాక్టర్‌కు అప్పగించడం అందులో నేర్పారు. మరుసటి ఏడాది కేంద్రం కూడా దేశవ్యాప్తంగా మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు తెచ్చింది. నేర్పేది మారితే నర్సు హోదా కూడా మారుతుందనడానికి ఇదే రుజువు.

వార్డా, మెడికల్‌ కోడింగా?

రాయదుర్గం మెట్రో దిగి ఆఫీసులకు వెళ్లేవాళ్లలో నర్సింగ్‌ చదివినవాళ్లూ ఉన్నారు. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, ఇన్సూరెన్స్‌ బిల్లుల కోసం జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని వాళ్లది. శరీర నిర్మాణం, జబ్బుల పేర్లు తెలుసు కాబట్టి నర్సులకు అది సులువుగా అబ్బుతుంది. తప్పేం కాదు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. విదేశాల్లో నర్సు ఉద్యోగాలకు ఎక్కువగా అడిగేది పడక పక్కన పనిచేసిన అనుభవం. రెండేళ్లు కోడింగ్‌ చేశాక వార్డుకు తిరిగి రావడం కష్టమవుతుంది. నర్సుగానే ఎదగాలనుకుంటే ముందు ఐసీయూలోనో, ఎమర్జెన్సీలోనో చేయి తిరగనివ్వండి. జర్మనీ వెళ్లాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ ద్వారా భాషా శిక్షణ ఉంది. ఆ మాటకొస్తే ఫ్లోరెన్స్‌ నైటింగేల్‌ కూడా 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్‌కు వెళ్లే పని నేర్చుకుంది.

చేరేముందు ఇవి అడగండి

- కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా? పడకలెన్ని, వాటిలో నిజంగా రోగులున్నవి ఎన్ని? ఒక్కో విద్యార్థికి కనీసం ముగ్గురు రోగులు ఉండాలన్నది కౌన్సిల్‌ నిబంధన.
- క్లినికల్‌ పోస్టింగ్‌లో ట్యూటర్‌ వార్డులో ఉంటారా, హాజరు వేసి వెళ్లిపోతారా?
- స్కిల్‌ ల్యాబ్‌ తాళం తీసే ఉంటుందా? ఇన్‌స్పెక్షన్‌ రోజు మాత్రమే తీస్తారా?
- కోర్సు అయ్యాక బాండ్‌ పేరుతో ఒరిజినల్‌ సర్టిఫికెట్లు పట్టి ఉంచుతారా?

ఈ జవాబులు బ్రోషర్‌లో దొరకవు. ఒక సాయంత్రం హాస్టల్‌ గేటు దగ్గర థర్డ్‌ ఇయర్‌ అక్కల్ని అడగండి, ఉన్నదున్నట్టు చెబుతారు. ఇప్పటికే చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు మాత్రం పైన రాసిన డ్రిప్‌ లెక్కను చూడకుండా ఇంకోసారి చేయండి. తప్పొస్తే కంగారు పడకండి, ఇంటర్న్‌షిప్‌ ఉంది. దాన్ని సంతకాల కోసం కాకుండా పని కోసం వాడుకోండి.