చలిజ్వరము: రైతుల ప్రశ్నలకు సమాధానములు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు రైతు సోదరులు పైరు చూపుటకు నన్ను పిలిచినపుడు చలిజ్వరమును గూర్చియు అడుగుచుందురు. వారి ముఖ్య ప్రశ్నలకు ఇచట సమాధానములు వ్రాయుచున్నాను.

ప్రశ్న: వానలో తడిసినను, చెరువునీరు త్రాగినను చలిజ్వరము వచ్చునా?

ఉత్తరము: రాదు. ఆడ అనాఫిలిస్ దోమ రోగిని కుట్టినపుడు రక్తముతోపాటు రోగక్రిమిని గ్రహించి, కొన్నిదినముల పిమ్మట మఱియొకనికి ఎక్కించును. దోమ కడుపులో ఈ క్రిమిని రొనాల్డ్ రాస్ అను వైద్యుడు కనుగొనినది మన చెంతనున్న సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20వ తేదీన.

ప్రశ్న: ఈ దోమ మురుగునీటిలో పుట్టునా?

ఉత్తరము: తఱచుగా నిలిచిన తేటనీటిలోనే పుట్టును. వరిమడి, పాడుబావి, మూతలేని తొట్టి దాని నివాసములు. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు పట్టును. కావున వారమునకొకమారు తొట్లను ఖాళీచేసి, తోమి, ఎండబెట్టుడు.

ప్రశ్న: జ్వరము తగ్గినంతనే మాత్రలు మానవచ్చునా?

ఉత్తరము: మానరాదు. వైవాక్స్ అను రకపు క్రిమి కాలేయమున దాగి, నెలల పిమ్మట మరల విజృంభించును. అందులకిచ్చు ప్రైమాక్విన్‌ను వైద్యుడు చెప్పినన్ని దినములును, సాధారణముగా 14 దినములు, మ్రింగవలెను. గర్భిణులకు అది ఇయ్యరాదు.

ప్రశ్న: ఎపుడు జాగు చేయరాదు?

ఉత్తరము: జ్వరము వచ్చిననాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రక్తపరీక్ష చేయించుకొనుడు, రుసుము లేదు. స్పృహ తప్పినను, మూర్ఛ వచ్చినను, మూత్రము నల్లబడినను తక్షణమే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఫాల్సిపారమ్ రకము ప్రాణాంతకము.

పైరుకు తెగులు కానవచ్చిననాడే మందు వెదకు మనము, ఒంటి జ్వరమును రేపటికి వాయిదావేయుట తగునా?