టోపీ తీయని తమ్ముడు

ఈ నెల కుటుంబ పేజీలో కొంత వింతగా తోచే సంగతి వ్రాస్తున్నాను. తలకు జుట్టు నాటించుకొని ప్రయాణం చేయడం గురించి. నవ్వకండి. నేనూ మొదట నవ్వినవాణ్ణే. ఆ నవ్వు వల్లనే ఇది వ్రాయవలసి వచ్చింది.

ఒక వేసవిలో, మే నెల ఆదివారం, మా సంఘంలోని ఒక యౌవనస్థుడు ఆరాధనకు టోపీ పెట్టుకొని వచ్చాడు. అనంతపురం సీమలో మే నెల సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నా మందిరం గోడలు సెగ కక్కుతుంటాయి. పురుషులు తల కప్పుకొని ప్రార్థనలో కూర్చోకూడదన్నది మన సంఘాలలో పాటించే క్రమం. కాబట్టి పెద్దలలో ఒకరు వెళ్లి చెవిలో చెప్పారు. అతడు తలూపాడు గాని టోపీ తీయలేదు. రెండవసారి పెద్దాయన కాస్త గట్టిగానే అన్నారు. స్త్రీల వరుసలో వారు కూడా తిరిగి చూశారు. అతడు లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆరాధన ముగించి వెళ్లి చూస్తే వేపచెట్టు కింద కూర్చొని ఉన్నాడు. "ఏమప్పా, ఏమైంది?" అంటూ అలవాటు చొప్పున ప్రార్థన చేద్దామని తలమీద చేయి వేశాను. నిప్పు తగిలినట్టు వెనక్కి జరిగాడు. "అయ్యగారూ, తలమీద వద్దు!" అన్నాడు. టోపీ తీశాడు. నుదురంతా వాచి, కళ్లు సగం మూసుకుపోయి ఉన్నాయి. ముందు భాగమంతా ఎర్రని చుక్కలు, పక్కులు. వెనకవైపు ఒకచోట చీము. ఒళ్లు కాలిపోతోంది.

గురువారం బెంగళూరులో ఆపరేషన్ చేయించుకున్నాడట. సాయంత్రానికి పని ముగించి, ఇంగ్లీషులో అచ్చువేసిన ఒక కాగితం చేతికిచ్చి పంపేశారు. ఆ చోటు పేరు ఇక్కడ అనవసరం. ఇంట్లో కంపెనీ ట్రైనింగని చెప్పి వెళ్లాడు గనుక ఆ రాత్రి అక్కడ ఉండే వీలు లేదు. స్లీపర్ బస్సెక్కి, కిటికీ తెరుచుకొని పడుకున్నాడు. మత్తు మందు దిగిపోయాక తెల్లవార్లూ తల ఎటు పెట్టినా నొప్పే. తెల్లవారి అనంతపురం బస్టాండులో దిగి, అక్కడ పెట్టిపోయిన మోటారు సైకిల్ తీసి, హెల్మెట్ పెట్టుకొని ఊరికి బయలుదేరాడు. హెల్మెట్ తీసినప్పుడు లోపల రక్తం అంటుకొని ఉంది. అది కడుక్కోవడానికి బోరు నీళ్లు మగ్గుతో తలమీద పోసుకున్నాడు. శనివారం రాత్రికి జ్వరం వచ్చింది.

"ఎవరికైనా చెప్పవచ్చు గదా, నాకైనా ఫోను చేయవచ్చు గదా" అన్నాను. కాసేపు నేల చూసి, "యూత్ మీటింగులో నన్ను ఎలీషా అని పిలిచింది మీరే గదా అయ్యగారూ" అన్నాడు.

నిజమే. బేతేలు దారిలో నడిచి పోతున్న ప్రవక్తను పిల్లలు బోడివాడా అని ఎగతాళి చేసిన సంగతి చెబుతూ, అందరినీ నవ్వించాలని ఇతని వైపు వేలు చూపాను. అందరూ నవ్వారు, అతడూ నవ్వాడు. అప్పటికే రెండు సంబంధాలు తల చూసి తప్పిపోయాయని నాకు తెలియదు. ఆ కథలో ఎగతాళి చేసినవారికి ఏమైందో చదివి వినిపించినవాణ్ణి నేనే, ఎగతాళి చేసినవాణ్ణీ నేనే.

ఆ మధ్యాహ్నమే కారులో ఆసుపత్రికి తీసుకొనిపోయాము. మందులతో రెండు వారాలలో తేరుకున్నాడు. ముందు భాగంలో ఒక మూల నాటినవి మాత్రం నిలవలేదు. అతని అనుమతితోనే, పేరు లేకుండా ఇది వ్రాస్తున్నాను. ఆ తరువాత చర్మవైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులే ఈ క్రిందివి.

నారు నాటినట్టే

మన వైపు టమోటా నారు నాటినవారికి ఈ వైద్యం సులువుగా అర్థమవుతుంది. బట్టతల వచ్చినవారికి కూడా తల వెనక, చెవుల పైన జుట్టు సాధారణంగా మిగిలే ఉంటుంది. అక్కడి వెంట్రుకలను కుదుళ్లతో సహా తీసి, ముందు భాగంలో సన్నని రంధ్రాలు చేసి నాటుతారు. జపానులో ఒకుడా అనే వైద్యుడు 1939లోనే వెంట్రుకలు నాటే పద్ధతిని ప్రచురించాడు. 1950లలో న్యూయార్కు వైద్యుడు నార్మన్ ఒరెంట్రైక్, వెనక నుండి తెచ్చిన వెంట్రుక కొత్త చోటికి వచ్చినా తన పాత గుణమే ఉంచుకుంటుందని చూపించాడు. నేటి పద్ధతులన్నిటికీ పునాది అదే. ఇప్పుడు కొందరు వెనక చర్మాన్ని సన్నని పట్టీగా కోసి కుట్లు వేస్తారు, ఎక్కువమంది కుదుళ్లను ఒక్కొక్కటిగా తీస్తారు. కుట్లు పడినవారు ప్రయాణంలో మెడ వంచడానికి, బరువులెత్తడానికి ఇంకా ఎక్కువ జాగ్రత్తపడాలి.

నారు నాటిన మొదటి రోజులలో గాలికి ఊగితే వేరు పట్టదు. ఇదీ అంతే. మొదటి మూడు రోజులు చిన్న రాపిడికే కుదురు ఊడి రావచ్చు. దాదాపు పది రోజులకు గట్టిపడుతుంది, పక్కులు కూడా ఆ ప్రాంతంలోనే రాలతాయి. రెండవ రోజు మొదలు నాలుగవ రోజు వరకు నుదుటిమీద వాపు దిగి కళ్ల వరకు రావడం మామూలే. దాన్ని చూసి భయపడనక్కరలేదు. జ్వరం, చీము, రోజురోజుకూ పెరిగే ఎరుపు, నొప్పి మామూలు కాదు. మాత్ర వేసుకున్న తరువాత ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం వస్తే క్షణం ఆగక 108కి ఫోను చేయాలి. దారిలో ఉంటే బస్సు ఆపించాలి.

ఆ రాత్రి ప్రయాణం వద్దు

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదొక్కటే. ఆపరేషన్ అయిన రాత్రి బస్సెక్కకూడదు. లూకా సువార్త పదవ అధ్యాయంలోని సమరయుని సంగతి మనం ఎన్నిసార్లు విన్నాం! గాయపడినవాణ్ణి అతడు ఆ రాత్రే సొంత ఊరికి చేర్చాలని చూడలేదు. దారిలో బస చేసే చోట దించి, తానూ ఉండి చూసుకున్నాడు. ప్రయాణం సంగతి తరువాత. బెంగళూరులో, హైదరాబాదులో మన ఊరివారు లేని పేట లేదు. ఒకటి రెండు రాత్రులు ఎవరింటనైనా ఉండి, మొదటిసారి తల కడిగే పని ఆసుపత్రివారి చేతనే చేయించుకొని, వారు సరే అన్నాక బయలుదేరడం మేలు. అలా ఉండాలంటే ఎవరితోనో ఒకరితో చెప్పాలి. మా తమ్ముడు చెప్పలేకపోయాడు గనుకనే ఆ రాత్రి బస్సులో ఉన్నాడు.

ఇక ప్రయాణం. బెంగళూరు నుండి అనంతపురానికి జాతీయ రహదారి 44 మీద సుమారు 210 కిలోమీటర్లు. దారి నున్నగానే ఉంటుంది. స్లీపర్ బెర్తు మాత్రం వద్దు, పడుకుంటే తల ఎక్కడో ఒకచోట రాసుకోక తప్పదు. పైగా వాపు తగ్గడానికి తల ఎత్తులో ఉండాలి. వెనక్కి వాలే సీటు తీసుకొని, మెడచుట్టూ పెట్టుకునే చిన్న దిండు ఉంచుకుంటే తల వెనక గాయాలు సీటుకు తగలవు. వెనక చక్రాల మీది సీటు కుదుపు ఎక్కువ, మధ్యలో కూర్చోవాలి. నడవా పక్క కూర్చుంటే ఎక్కేవారి సంచులు, మోచేతులు తలకే తగులుతాయి. కాబట్టి మీరు కిటికీ పక్క, మీ తోడు నడవా పక్క. బస్సు ఉత్తరానికి పోతుంది గనుక ఉదయం బస్సుకు ఎడమవైపు, మధ్యాహ్నం బస్సుకు కుడివైపు కూర్చుంటే ఎండ పడదు. అద్దం మూసి ఉంచాలి. సామాను పైకెత్తి పెట్టే పని తోడువారిదే. రైలైతే ధర్మవరం మీదుగా వస్తుంది, కూర్చొని రావడానికి అదీ మంచిదే. సొంతగా కారు నడుపుకొని రావడం మాత్రం వద్దు. మత్తు తాలూకు మబ్బు, మెడ బిగుసుకుపోవడం రెండూ ప్రమాదమే.

బస్సు దిగాక ఊరికి పోయే ఆ చివరి ఇరవై కిలోమీటర్లే అసలు చిక్కు. షేర్ ఆటోలో ఎక్కేటప్పుడు దిగేటప్పుడు పైనున్న ఇనుప కడ్డీకి తల తగలనివారు మనలో ఎవరున్నారు? వంగి, చేయి అడ్డం పెట్టుకొని ఎక్కాలి. మోటారు సైకిల్ ఆ పది పన్నెండు రోజులు ముట్టకూడదు. హెల్మెట్ పెడితే కుదుళ్లు పోతాయి, పెట్టకపోతే ప్రాణమే పోవచ్చు. హెల్మెట్ లేకుండా మెల్లగా పోతానని ఒక అబ్బాయి నాతో అన్నాడు. బస్సులో పొమ్మన్నాను.

మన ఎండ, మన గాలి

దేశంలో జైసల్మేరు తరువాత తక్కువ వాన పడే జిల్లా మనదేనని అంటారు. ఏడాదికి సగటు వర్షం 550 మిల్లీమీటర్లు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వెంటనే ఆషాఢం గాలి మొదలై, విత్తనానికి దున్నిన ఎర్రమట్టినంతా లేపుతుంది. రామగిరి కొండలమీద గాలిమరలు ఊరికే పెట్టలేదు గదా! ఇంత ఎండ, ఇంత దుమ్ము పచ్చి గాయాలకు మంచివి కావు. ఆగగలిగినవారు డిసెంబరు, జనవరి వరకు ఆగడం మంచిది. కొన్ని వారాలపాటు నేరుగా ఎండ తగలకూడదు. బిగుతైన క్రికెట్ టోపీ వద్దు. వదులుగా ఉండే వెడల్పు అంచు టోపీ, అదీ డాక్టరు సరేనన్న రోజు నుండే. అన్నిటికన్నా గొడుగు మేలు. మన సీమలో వానకు గొడుగు విప్పే రోజులు ఎలాగూ తక్కువే.

బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు దారిలో తలమీద చల్లుకోకూడదు. ఆసుపత్రివారిచ్చిన సెలైన్ స్ప్రే సంచిలో చేతికందేలా ఉంచుకోవాలి. రక్తం చెమ్మగిల్లితే శుభ్రమైన గాజుగుడ్డతో కొన్ని నిమిషాలు మెల్లగా అదమాలి, రుద్దకూడదు. ఆగకపోతే వైద్యునికి ఫోను చేయాలి. కాఫీపొడి, పసుపు, ఆముదం వంటివి ఏవీ వద్దు. ప్రార్థించిన కొబ్బరినూనె కూడా వద్దు. సేవకుడనై ఈ మాట అంటున్నానని ఎవరూ నొచ్చుకోవద్దు.

గల్ఫ్ నుండి సెలవుపై వచ్చే తమ్ముళ్లకు ఒక మాట. ఈ పని సెలవు చివరి వారానికి పెట్టుకోవద్దు. విమానంలో కష్టం కొద్దిసేపే. అక్కడ దిగిన మర్నాడే ఎడారి ఎండలో కంపెనీ హెల్మెట్ పెట్టుకొని పనిలో నిలబడాలి గదా. సెలవు మొదట్లోనే చేయించుకుంటే నెల రోజులు ఇంటి నీడన ఉండవచ్చు. పెళ్లికి రెండు నెలల ముందు చేయించుకొనేవారూ ఉన్నారు. నాటిన వెంట్రుకలు కొన్ని వారాలలో చాలావరకు రాలిపోయి, మూడు నాలుగు నెలలకు గాని మళ్లీ మొలవవు. పూర్తిగా కనబడడానికి ఏడాది పడుతుంది. కాబట్టి పెళ్లి ఫోటోలో ఉన్నదీ పోయినట్టుంటుంది.

ఎవరిచేత చేయించుకోవాలన్నదీ ప్రయాణానికి ముందే తేల్చుకోవలసిన సంగతి. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఈ విషయమై సూచనలు ఇచ్చింది. యూట్యూబు చూసి నేర్చుకున్నది శిక్షణ కాదని, తగిన శిక్షణ ఉన్న వైద్యులే చేయాలని అందులో ఉంది. కాన్పూరులో ఈ ఆపరేషన్ తరువాత ఇద్దరు ఇంజనీర్లు చనిపోయిన సంగతి 2025లో పోలీసు కేసు అయింది. షుగరు, బి.పి., రక్తం పలచబడే మాత్రలు ఉంటే దాచకుండా చెప్పాలి. రాత్రి పది గంటలకు ఫోను చేస్తే ఎవరు ఎత్తుతారో డబ్బు కట్టక ముందే అడగాలి. ఇంగ్లీషు కాగితం ఇస్తే తెలుగులో చెప్పించుకోవాలి.

ఇది పాపమా, డంబమా అని మా సంఘంలో కొందరు అడిగారు. అప్పు చేసి చేయించుకోవద్దని మాత్రం నేను చెబుతాను. అంతకు మించి తీర్పు తీర్చేంత జుట్టు నాకూ లేదు. పెద్దల కూటంలో మేము తీర్మానించుకున్నది వేరే సంగతి. గాయం ఉన్నవారు, మందు వేసుకున్నవారు తల కప్పుకొని ఆరాధనలో కూర్చోవచ్చు. 1 కొరింథీయులకు 11వ అధ్యాయం గాయాలకు కట్టే కట్టు గురించి వ్రాసినది కాదు. ఆ రోజు గట్టిగా మాట్లాడిన పెద్దాయనే ఈ మాట ముందు ప్రతిపాదించారు. నేనేమో, ఎవరికి ప్రార్థన చేయవలసినా ముందు అడిగి, చేయి భుజంమీద వేస్తున్నాను. యూత్ మీటింగులో ఆ తమ్మునికి అందరి ముందు క్షమాపణ చెప్పాను. అతడు తల వంచుకొని, "పరవాలేదు అయ్యగారూ" అన్నాడు.

మొన్న ఒక రాత్రి మరొక అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. వచ్చే డిసెంబరులో బెంగళూరు పోతున్నాడట. అమ్మ కూడా వెంట వస్తోందట, రెండు రాత్రులు పిన్ని ఇంట ఉంటారట. తిరుగు ప్రయాణం ఉదయం బస్సుకని చెప్పి, ఏ వైపు సీట్లు తీసుకోవాలని అడిగాడు. ఎడమవైపు, మధ్యలో, రెండు సీట్లు అని కాగితంమీద వ్రాసి ఇచ్చాను.